పండుగప్పను పెనం మీద కాల్చి, క్రీమ్ సాస్‌తో వడ్డించడం ఎలా?

చేప ముక్కను పెనం మీద కాల్చి క్రీమ్ సాస్‌తో వడ్డించే వంట గురించి పాఠకులు మళ్ళీ మళ్ళీ అడిగే ప్రశ్నలు రెండు. తోలు పెనానికి అంటుకుపోయి ముక్క చెదిరిపోతోంది, ఏం చేయాలన్నది మొదటిది. క్రీమ్ పోసిన కాసేపటికే సాస్ విరిగి పైన నెయ్యి తేలుతోంది, ఎందుకన్నది రెండోది. సులువైన వంటే అయినా మన వంటింటి అలవాట్లకు పూర్తిగా ఎదురు దిశలో నడుస్తుంది కాబట్టి, చేపల పులుసు, వేపుడు బాగా వండే వారికి కూడా ఇందులో మొదట్లో చేయి తడబడుతుంది.

వేపుడు కోసం ముక్కలకు కారం, పసుపు, అల్లం వెల్లుల్లి ముద్ద పట్టించి నానబెడతాం. ఇక్కడ పెనం మీదికి వెళ్ళే ముక్కకు తడి అనేదే ఉండకూడదు. వేపుడులో ముక్క మాడుతుందేమోనని నాలుగైదుసార్లు తిప్పుతాం. ఇక్కడ ఒకే ఒక్కసారి తిప్పాలి. పులుసులో చింతపండు రసం పోసి ఉడికిస్తాం. ఇక్కడ పులుపు పడేది పొయ్యి ఆపిన తరువాతే. ఈ మూడూ గుర్తుంటే కింది వివరాల్లో ఒకటి రెండు తప్పినా భోజనం పాడవదు.

ముక్క ఆరడానికి ముప్పావు గంట ముందుగా పెట్టుకోవాలి. అసలు వంటకు పట్టేది ఇరవై నిమిషాలే.

ఏ చేప తీసుకోవాలి?

ఈ వంటకు నేను పండుగప్పనే సిఫారసు చేస్తాను. దాని కండ తెల్లగా, గట్టిగా ఉంటుంది. తోలు మరీ పలుచన కాదు, మరీ మందం కాదు. లోపల సన్నని ముళ్ళ బెడద తక్కువ. ఉప్పునీటిలోనూ మంచినీటిలోనూ బతికే చేప కావడంతో కోస్తా జిల్లాల చెరువుల్లోనూ దీన్ని పెంచుతున్నారు, కాబట్టి పెద్ద మార్కెట్లలో దొరకడం కష్టం కాదు. ఆస్ట్రేలియాలో బారముండి పేరుతో అమ్మేది ఈ చేపనే.

కిలోంబావు నుంచి కిలోన్నర తూగే చేపను ఎంచుకోండి. కళ్ళు ఉబ్బెత్తుగా, తేటగా ఉండాలి. మొప్ప ఎత్తి చూస్తే ఎర్రగా ఉండాలి. వేలితో నొక్కిన చోట గుంట పడకుండా కండ వెంటనే పైకి రావాలి. చేప కోసే వారికి ముందే స్పష్టంగా చెప్పండి: పొలుసు పూర్తిగా తీయాలి, తోలు తీయకూడదు, నడుము ముల్లుకు రెండు వైపులా కండను పొడవాటి పలకలుగా కోయాలి, చక్రాల్లా కోయకూడదు. పులుసు ముక్కలు కొట్టే అలవాటుతో కత్తి ముందుగానే పడిపోతుంది కాబట్టి ఈ మాట తూకం వేసేటప్పుడే చెప్పడం మంచిది. ఇలా కోస్తే చేప బరువులో సగం కంటే తక్కువే పలకలుగా వస్తుంది. ఒక్కో పలకను రెండుగా కోసుకుంటే నలుగురికి సరిపోతుంది; ఇద్దరే అయితే రెండో పలకను ఫ్రీజర్‌లో దాచుకోవచ్చు. తల, నడుము ముల్లు అక్కడే వదిలేసి రాకండి. మర్నాటి పులుసుకు అంతకంటే మంచి సరుకు దొరకదు.

పండుగప్ప దొరకనప్పుడు కొరమీను పలకలు బాగానే పనికొస్తాయి. వంజరం సాధారణంగా చక్రాల్లా కోసి అమ్ముతారు. దాన్నీ ఇదే పద్ధతిలో కాల్చుకోవచ్చు కానీ తోలు అంచున మాత్రమే ఉంటుంది కాబట్టి రెండు వైపులా సమానంగా కాల్చాలి. అమెరికాలోనో బ్రిటన్‌లోనో ఉండేవారికి తోలుతో ఉన్న సాల్మన్ అన్నిటికంటే సులువుగా దొరుకుతుంది, పద్ధతి కూడా అక్షరాలా ఇదే. బాసా పలకలు చవక, ముళ్ళుండవు, కానీ వాటిలో నీరు చాలా ఎక్కువ. తోలు కూడా ఉండదు. వాటితో చేయక తప్పకపోతే తుడిచిన తరువాత బియ్యప్పిండిని పలుచగా అద్ది కాల్చండి. శీలావతి, బొచ్చె మాత్రం వద్దు. రుచిలో లోపమేమీ లేదు. కండలో అడుగడుగునా ఉండే సన్నని చీలిక ముళ్ళ వల్ల ఫోర్కుతో తినే వంటకు అవి కుదరవు.

కావలసినవి (ఇద్దరికి)

చేపకు:
- తోలు ఉన్న పండుగప్ప ముక్కలు 2, ఒక్కొక్కటి 150 నుంచి 180 గ్రాములు, మందం సుమారు 2 సెంటీమీటర్లు
- ఉప్పు ముప్పావు టీస్పూన్
- అప్పుడే దంచిన మిరియాల పొడి పావు టీస్పూన్
- నూనె ఒకటిన్నర టేబుల్ స్పూన్లు (వేరుశనగ, పొద్దుతిరుగుడు, తవుడు నూనెల్లో ఏదైనా)
- వెన్న 2 టీస్పూన్లు

సాస్‌కు:
- వెన్న 1 టేబుల్ స్పూన్
- సాంబారు ఉల్లిపాయలు 4, లేదా మామూలు ఉల్లిపాయలో పావు భాగం, చాలా సన్నగా తరిగినది
- వెల్లుల్లి రెబ్బలు 4, సన్నగా తరిగినవి (ముద్ద వద్దు)
- నీళ్ళు 80 మిల్లీలీటర్లు. చేప ముళ్ళు మరిగించిన నీళ్ళు ఉంటే మరీ మంచిది
- ఫ్రెష్ క్రీమ్ 120 మిల్లీలీటర్లు
- నిమ్మరసం 2 టీస్పూన్లు
- సన్నగా తరిగిన సోయకూర 1 టేబుల్ స్పూన్

సోయకూర గురించి ఒక మాట. యూరప్ వంటల్లో చేపకూ క్రీమ్‌కూ జోడీగా డిల్ అనే ఆకును వాడతారు. హైదరాబాద్ రైతు బజార్లలో కట్టలుగా అమ్మే సోయకూర అదే. సూపర్ మార్కెట్‌లో ఎండిన డిల్ సీసాకు డబ్బు పోయడం అనవసరం. సోయకూర వాసన గిట్టని వారు ఉల్లికాడల్లోని ఆకుపచ్చ భాగం వాడుకోవచ్చు. కొత్తిమీర వేస్తే తప్పులేదు కానీ వంట రుచి వెంటనే మన కూర వైపు మళ్ళుతుంది.

మన దుకాణాల్లో దొరికే వెన్నలో చాలావరకు ఉప్పు కలిపే ఉంటుంది. ప్యాకెట్టు మీద చూసుకోండి. ఉప్పు ఉన్న వెన్నయితే సాస్‌లో విడిగా ఉప్పు చివరి వరకూ వేయకండి.

పెనం విషయంలో మందపాటి అడుగు ఒక్కటే షరతు. మొదటిసారి చేసేవారు నాన్‌స్టిక్ వాడితే భయం తగ్గుతుంది. అలవాటయ్యాక స్టీలు లేదా ఇనుప పెనం మీద తోలు ఇంకా బాగా కరకరలాడుతుంది. దోసెల పెనం మాత్రం పనికిరాదు, సాస్ నిలవడానికి అంచు కావాలి కదా. సన్నని అట్లకాడ, కిచెన్ టిష్యూలు లేదా శుభ్రమైన నూలు గుడ్డ, ఒక వైర్ జాలీ దగ్గర పెట్టుకోండి.

చేసే విధానం

1. ముక్క గడ్డకట్టి ఉంటే ముందు రోజు రాత్రే ఫ్రీజర్ నుంచి తీసి ఫ్రిజ్ కింది అరలో పెట్టండి. మరిచిపోతే, నీరు చొరబడని సంచిలో మూతి బిగించి చన్నీళ్ళలో అరగంట నుంచి ముప్పావు గంట ఉంచండి. వేడినీళ్ళలో వేయకూడదు, పైన ఉడికినట్లై, లోపల గడ్డగానే ఉండిపోతుంది. గాలి తీసేసి మూసిన ప్యాకెట్టులో చేప వచ్చి ఉంటే, ఫ్రిజ్‌లో కరగబెట్టే ముందు ఆ ప్యాకెట్టును చింపడం తప్పనిసరి. గాలి ఆడని చోట పెరిగే ప్రమాదకరమైన సూక్ష్మజీవులకు అవకాశం ఇవ్వకుండా ఉండటానికే ఈ జాగ్రత్త.

2. ముక్కను తోలు కిందకు ఉండేలా పెట్టి, కండ మీద చూపుడు వేలును తల వైపు నుంచి తోక వైపు, తిరిగి వెనక్కి నెమ్మదిగా నడపండి. ముల్లు కొస వేలికి తగులుతుంది. దాన్ని చిన్న పట్టకారుతో, అది వాలి ఉన్న దిశలోనే లాగండి. నిలువుగా లాగితే కండ చిరుగుతుంది. తరువాత ముక్కను తిరగేసి, కత్తి వీపుతో తోక నుంచి తల వైపు గీకి, పొలుసు మిగిలిందేమో చూడండి. వేపుడులో ఒక పొలుసు ఉంటే నోట్లోంచి తీసి పక్కన పెట్టేస్తాం, తోలే ప్రధానమైన ఈ వంటలో మాత్రం అది మొత్తం ముద్దను పాడుచేస్తుంది.

3. నీచు వాసన కోసం ఉప్పు, పసుపు, నిమ్మరసంతో కడిగే అలవాటున్నవారు ఆ పని ఇప్పుడే ముగించండి. దీని తరువాత ముక్కకు నీళ్ళు తగలకూడదు. తాజా చేపకయితే చన్నీళ్ళతో ఒక్కసారి కడిగితే చాలు, పసుపు అవసరం లేదు.

4. ఇది అన్నిటికంటే ముఖ్యమైన మెట్టు. ముక్కను రెండు వైపులా టిష్యూతో అద్దండి, రుద్దకండి. తరువాత కత్తిని అడ్డంగా పట్టుకొని, పదును లేని వైపుతో తోలు మీద గట్టిగా ఒక్క లాగు లాగండి. పొడిగా కనిపించిన తోలు నుంచి కూడా కత్తి ముందు సన్నని నీటి గీత, కాస్త బూడిద రంగు జిగురు పోగవుతాయి. దాన్ని తుడిచి మళ్ళీ లాగండి. మూడు నాలుగు లాగుళ్ళకు కత్తి ముందు ఏమీ పోగవ్వని స్థితి వస్తుంది. అప్పుడు తోలు పైకి ఉండేలా ఒక పళ్ళెంలో పెట్టి, మూత పెట్టకుండా ఫ్రిజ్‌లో 45 నిమిషాలు ఉంచండి. ఫ్రిజ్‌లోని పొడి గాలి మిగిలిన తడిని లాగేస్తుంది. ఫ్రిజ్‌లో పాలు, పెరుగు పక్కనే ఉంటే వాటికి మూతలు పెట్టండి.

5. ముక్క ఆరుతున్న సమయంలో పక్కన తినేవి సిద్ధం చేసుకోండి. ఉడికించిన బంగాళదుంపలు, ఉప్పునీళ్ళలో మూడు నిమిషాలు ఉడికించిన బీన్స్ సరిపోతాయి. వేడి అన్నంతోనూ ఈ సాస్ బాగుంటుంది, అందులో మొహమాటం ఏమీ అక్కర్లేదు. ఉల్లి, వెల్లుల్లి, సోయకూర తరిగి విడివిడిగా పెట్టుకోండి. క్రీమ్‌ను కొలిచి బయట పెట్టండి. ఫ్రిజ్ చల్లదనంతో వేడి పెనంలో పడటం కూడా అది విరగడానికి ఒక కారణం. చేప పెనం మీద పడ్డాక తరిగే వ్యవధి ఉండదు.

6. ముక్కను పొయ్యి వెలిగించడానికి పది నిమిషాల ముందు ఫ్రిజ్ నుంచి బయటకు తీయండి. పదునైన కత్తితో తోలు మీద అడ్డంగా, ఒక అంగుళం ఎడంతో రెండు మూడు గాట్లు పెట్టండి. గాటు తోలు వరకే ఉండాలి, కండలోకి దిగకూడదు. వేడికి తోలు ముడుచుకొని ముక్క విల్లులా వంగకుండా ఈ గాట్లు ఆపుతాయి.

7. పెనాన్ని మధ్యస్థం కంటే కొంచెం ఎక్కువ మంట మీద పెట్టండి. స్టీలు లేదా ఇనుప పెనమైతే ఖాళీగానే రెండు మూడు నిమిషాలు కాగనివ్వండి. నీటి చుక్క చల్లినప్పుడు అది వెంటనే బుస్సుమని ఇగిరిపోతే ఇంకా కాగాలి, ముత్యంలా గుండ్రంగా పెనమంతా పరుగెడితే సరిపోయింది. ఆ చుక్కను తుడిచేసి నూనె పోయండి. నాన్‌స్టిక్ పెనాన్ని మాత్రం ఎప్పుడూ ఖాళీగా కాచకండి. అతిగా వేడెక్కితే ఆ పూత చెడిపోయి హానికరమైన పొగ వస్తుంది. దానిలో నూనె ముందే పోసి, మధ్యస్థ మంట మీద కాచండి. పెనాన్ని వంచినప్పుడు నూనె నీళ్ళలా చకచకా జారుతూ, పైన సన్నని అలలు కనిపిస్తే కాగినట్లు. పొగ మొదలైతే ఎక్కువైనట్లు. అప్పుడు పెనాన్ని అర నిమిషం దింపి ఉంచండి.

8. ముక్క మీద ఉప్పు, మిరియాల పొడి ఇప్పుడే చల్లండి. ఉప్పు ముందుగా చల్లి పెడితే తడిని పైకి లాగి, మనం పడిన శ్రమంతా వృథా చేస్తుంది. మిరియాల పొడి కండ వైపు మాత్రమే వేయండి, తోలు వైపు వేస్తే మాడి చేదెక్కుతుంది. తోలును చివరిసారిగా ఒకసారి టిష్యూతో అద్ది, ముక్కను తోలు కిందకు ఉండేలా, మీకు దగ్గరగా ఉన్న అంచును ముందు ఆనించి, దూరపు అంచును చివర్లో వదులుతూ పెనంలో పరచండి. అలా చేస్తే నూనె చిందినా మీ వైపు చిందదు. వెంటనే అట్లకాడతో ముక్క మీద సమంగా పది పదిహేను సెకన్లు అదిమి పట్టండి. రెండో ముక్కకూ అలాగే చేయండి. రెంటి మధ్య కనీసం రెండు వేళ్ళ ఎడం ఉండాలి.

9. మంటను మధ్యస్థానికి తగ్గించి, చేతులు కట్టుకోండి. జరపవద్దు, ఎత్తి చూడవద్దు, పెనాన్ని ఊపవద్దు. మూత పెట్టాలన్న ఆలోచన కూడా రానివ్వకండి. ఆవిరి పడితే తోలు మెత్తబడుతుంది. చూడవలసింది ముక్క పక్క భాగాన్ని. అద్దంలా మసకగా ఉన్న కండ అడుగు నుంచి పైకి తెల్లబడుతూ వస్తుంది. ఆ తెలుపు ముక్క ఎత్తులో ముప్పాతిక వంతుకు చేరేవరకు ఆగండి. 2 సెంటీమీటర్ల ముక్కకు ఇది 4 నుంచి 6 నిమిషాలు పడుతుంది. మీ పొయ్యి, పెనం తేడాలను బట్టి గడియారం తప్పవచ్చు, ఈ తెల్ల గీత తప్పదు.

10. ఇప్పుడు ఒక అంచు కింద అట్లకాడను మెల్లగా దూర్చండి. కాలిన అట్టు అంచులా తనంతట తాను లేస్తే తిప్పండి. పట్టుకుంటే బలవంతం చేయకండి. ఇంకో అర నిమిషం ఆగితే అదే వదులుతుంది. తొందరపడి గీకడం వల్లే తోలు పెనానికి, కండ పళ్ళేనికి చేరతాయి.

11. తిప్పిన తరువాత 2 టీస్పూన్ల వెన్న వేసి, అది నురగ కట్టగానే పెనాన్ని కాస్త వంచి, చెంచాతో ముక్క పక్కల మీద పోయండి. తోలు మీద పోయకండి. ఈ వైపు ఒకటి నుంచి ఒకటిన్నర నిమిషం చాలు. తరువాత ముక్కలను తోలు పైకి ఉండేలా వైర్ జాలీ మీద పెట్టండి. జాలీ లేకపోతే రెండు ఫోర్కులను పళ్ళెంలో బోర్లించి వాటి మీద ఆనించవచ్చు. పైన ఏదీ కప్పకండి.

ఉడికిందో లేదో తెలుసుకోవడం

వంట థర్మామీటర్ ఉంటే ముక్కలో అన్నిటికంటే మందమైన చోట, పక్క నుంచి గుచ్చండి. 63 డిగ్రీల సెల్సియస్ చూపితే ఉడికినట్లే. పెనం నుంచి తీసిన తరువాత కూడా లోపలి వేడి రెండు మూడు డిగ్రీలు పెరుగుతుంది కాబట్టి 60 దగ్గర తీసి, జాలీ మీద ఉంచాక 63కు చేరిందో లేదో మళ్ళీ చూసుకోవచ్చు. చేరకపోతే కండ వైపు మరో అర నిమిషం పెనం మీద పెట్టండి.

థర్మామీటర్ లేనివారు సన్నని చాకు కొనను మందమైన చోట దింపి, కండను కొద్దిగా విడదీసి చూడండి. లోపల కూడా అద్దపు మసక పోయి పాలలా తెల్లగా ఉండి, పొరలు పొరలుగా విడిపోతే సరిపోయింది. చాకు దిగేటప్పుడు మధ్యలో రబ్బరులా అడ్డుపడితే ఇంకా పచ్చిగా ఉంది. పొడిపొడిగా, పీచులా రాలుతుంటే సమయం మించిపోయింది. అలాంటి ముక్కను సాస్ కొంతవరకు కాపాడుతుంది. చిన్న పిల్లలకు, గర్భిణులకు, పెద్ద వయసు వారికి వడ్డించేటప్పుడు మధ్యలో కాస్త మసకగా ఉంటే ఫరవాలేదులే అన్న ఉదారత వద్దు.

సాస్

12. పెనంలో మిగిలిన నూనెను వంపేయండి. అడుగున బంగారు రంగులో అంటుకున్న ముక్కలుంటే అవే సాస్‌కు రుచి, ఉంచేయండి. నల్లగా మాడి ఉంటే మాత్రం టిష్యూతో తుడిచేయండి. మాడు వాసనను క్రీమ్ దాచదు, ఇంకా పైకి తెస్తుంది.

13. సన్నని మంట మీద టేబుల్ స్పూన్ వెన్న కరిగించి, ఉల్లి తరుగు వేసి రెండు నిమిషాలు మెత్తబడనివ్వండి. రంగు మారకూడదు. తరువాత వెల్లుల్లి వేసి అర నిమిషం కలపండి. వెల్లుల్లి ఎరుపెక్కితే సాస్ చేదవుతుంది, కాబట్టి వాసన రాగానే తదుపరి పనికి వెళ్ళండి.

14. నీళ్ళు లేదా ముళ్ళ నీళ్ళు పోసి, చెక్క గరిటెతో పెనం అడుగును గీకుతూ కలపండి. మంట కొంచెం పెంచి, అవి సగానికి దగ్గరపడే వరకు మరిగించండి. ఈ దశను దాటవేసి నేరుగా క్రీమ్ పోసే వారికి సాస్ చప్పగానూ పలుచగానూ వస్తుంది.

15. మంటను పూర్తిగా తగ్గించి, క్రీమ్‌ను రెండు విడతలుగా పోసి కలపండి. అంచుల వెంట చిన్న బుడగలు రావాలి, మధ్యలో తెర్లకూడదు. రెండు మూడు నిమిషాలకు చిక్కబడుతుంది. చెంచాను ముంచి తీసి, దాని వీపు మీద వేలితో ఒక గీత గీయండి. గీత అంచులు కలిసిపోకుండా నిలిస్తే సాస్ సిద్ధం. జారి కలిసిపోతే ఇంకో నిమిషం. మరీ ముద్దగా ఉంటే ఒక చెంచా వేడినీళ్ళు కలపండి. పళ్ళెంలోకి వెళ్ళాక ఇంకొంచెం చిక్కబడుతుందని గుర్తుంచుకోండి.

16. పొయ్యి ఆపండి. ఒక నిమిషం ఆగి, నిమ్మరసాన్ని కొంచెం కొంచెంగా కలపండి. సోయకూర చల్లండి. ఇప్పుడు రుచి చూసి ఉప్పు సరిచేయండి. చేప పెట్టిన పళ్ళెంలో ఊరిన రసాన్ని కూడా సాస్‌లోకి వంపేయండి, అది పారబోయవలసినది కాదు.

17. వెచ్చని పళ్ళెంలో ముందు సాస్ పోసి, దాని మీద ముక్కను తోలు పైకి ఉండేలా ఉంచండి. సాస్‌ను పైన పోసిన ఫోటోలు ఎంత అందంగా ఉన్నా నమ్మకండి. అరగంట కష్టపడి తెచ్చిన కరకర అర నిమిషంలో పోతుంది.

సాస్ విరిగితే

మన దగ్గర ప్యాకెట్లలో దొరికే ఫ్రెష్ క్రీమ్‌లో కొవ్వు సాధారణంగా 25 శాతం దాకా ఉంటుంది. విదేశీ వంటకాల్లో చెప్పే హెవీ క్రీమ్‌లో 36 శాతం పైనే. కొవ్వు తక్కువున్న క్రీమ్ వేడిని, పులుపును అంతగా తట్టుకోలేదు. అమెరికాలో ఉన్నవారు క్రీమ్‌ను ధారాళంగా మరిగించినా ఏమీ కాకపోవడం, ఇక్కడ అదే పని చేస్తే విరగడం ఇందువల్లే. అందుకే సన్నని మంట, చివర్లో నిమ్మ.

అయినా అంచుల్లో నెయ్యి తేలడం కనిపిస్తే వెంటనే పెనం దింపండి. ఒక టేబుల్ స్పూన్ గోరువెచ్చని నీళ్ళు పోసి విస్క్‌తో గట్టిగా కలిపితే తొలిదశలోని విరుగుడు సర్దుకుంటుంది. సర్దుకోకపోతే వేరే గిన్నెలో రెండు చెంచాల తాజా క్రీమ్ తీసుకొని, విరిగిన సాస్‌ను అందులోకి కొద్దికొద్దిగా కలుపుతూ పోండి. సాస్ చల్లారాక మిక్సీలో ఒక తిప్పు తిప్పడం ఆఖరి మార్గం. వేడి మీద మిక్సీ మూత బిగించకండి, ఆవిరికి మూత ఎగిరి చేతులు కాలతాయి.

క్రీమ్ లేకపోతే

ఇంట్లో ఆ రోజు పాల మీద కట్టిన తాజా మీగడ ఉంటే, రెండు మూడు చెంచాల పాలతో కలిపి, గడ్డలు లేకుండా చిలికి వాడుకోవచ్చు. వెన్న తీయడానికి వారం రోజులుగా పోగు చేసిన మీగడ మాత్రం వద్దు. అది ఎంతో కొంత పులిసి ఉంటుంది, పెనంలో పడగానే విరుగుతుంది.

పన్నెండు జీడిపప్పులను వేడినీళ్ళలో ఇరవై నిమిషాలు నానబెట్టి, మెత్తగా రుబ్బి, అరకప్పు నీళ్ళతో పలుచన చేసినా మంచి సాస్ వస్తుంది. అది విరిగే బెంగ లేదు కానీ అడుగంటుతుంది, కాబట్టి కలుపుతూ ఉండాలి. పాలు పడని వారికి మరో దారి చిక్కటి కొబ్బరి పాలు. అప్పుడు వెన్నకు బదులు నూనె, సోయకూరకు బదులు నాలుగు కరివేపాకు రెబ్బలు, చీల్చిన ఒక పచ్చిమిర్చి వేయండి. నా అభిప్రాయంలో పండుగప్పకు క్రీమ్ కంటే ఇదే బాగా కుదురుతుంది, అయితే అది పూర్తిగా వేరే వంట అయిపోతుంది. పాలలో కార్న్‌ఫ్లోర్ కలిపి చేసే సాస్ చిక్కగా ఉంటుంది, రుచి మాత్రం ఉండదు. అత్యవసరానికే.

ఎక్కడ తప్పు జరుగుతుంది?

తోలు ఒక పక్క మాత్రమే ఎర్రబడి, మధ్యలో తెల్లగా, జిగటగా మిగిలిందంటే, వేసిన వెంటనే అదమలేదని అర్థం. మొత్తం తోలు మెత్తగానే ఉంటే ఆరబెట్టడం చాలలేదు, లేదా పెనంలో ముక్కలు ఇరుక్కున్నాయి. ముక్కలు ఎక్కువైనప్పుడు వాటి నీటి ఆవిరి బయటకు పోయే దారి లేక, చేప కాలడం మాని ఉడుకుతుంది. నలుగురికి వండేటప్పుడు రెండు పెనాలు వాడండి, లేదా రెండు విడతలుగా కాల్చండి. మొదటి విడత కాసేపు చల్లారినా నష్టం లేదు, తోలు కరకరలాడుతూనే ఉంటుంది.

తోలు నల్లబడి లోపల పచ్చిగా ఉంటే, ముక్క వేసిన తరువాత మంట తగ్గించలేదు. మూడు సెంటీమీటర్లకు మించిన మందం ఉన్న ముక్కలకు పెనం ఒక్కటే చాలదు. తోలు ఎర్రబడ్డాక, తిప్పకుండానే 180 డిగ్రీల ఓవెన్‌లో నాలుగైదు నిమిషాలు పెట్టండి. ఓవెన్ లేకపోతే సన్నని మంట మీద నాలుగు పక్కలా ఒక్కో నిమిషం నిలబెట్టి కాల్చండి.

సాల్మన్ కాల్చేటప్పుడు పక్కల నుంచి తెల్లటి గడ్డల్లాంటి పదార్థం ఊరడం చూసి చేప పాడైందని కొందరు భయపడతారు. అది కండలోని మాంసకృత్తే, తినవచ్చు. అది మరీ ఎక్కువగా వస్తోందంటే మంట ఎక్కువైందని, లేదా ముక్క ఉడకవలసిన దానికంటే ఎక్కువ ఉడుకుతోందని తెలుసుకోండి.

మిగిలితే

వండిన చేపను రెండు గంటలకు మించి బయట ఉంచకండి. ఎండాకాలంలో గంటలోపే ఫ్రిజ్‌లో పెట్టేయాలి. చేప, సాస్ విడివిడి డబ్బాల్లో పెడితే మర్నాటి వరకు బాగుంటాయి. ముక్కను మళ్ళీ పెనం మీద వేడి చేస్తే ఎండిపోయి, నీచు వాసన పైకి వస్తుంది. దానికి బదులు సాస్‌ను రెండు చెంచాల పాలతో సన్నని మంట మీద వేడి చేసి, బాగా కాగాక తోలు తీసేసిన చేపను చిదిపి అందులో కలిపి, చేప కూడా పూర్తిగా వేడెక్కిన తరువాత పాస్తాలో గానీ వేడి అన్నంలో గానీ వేసుకోండి. మైక్రోవేవ్‌లో మాత్రం పెట్టకండి, ముఖ్యంగా ఆఫీసులో.